రెండున్నర కిలోల కొర్రమీను

పప్పుచారు గిన్నె బల్ల చివరికి జరిగింది. దాని స్థానంలోకి లాప్‌టాప్ వచ్చింది. తెర మీద ఉత్తరాఖండ్ కొండల మ్యాపు. భీమ్‌తాల్ దాటాక పచ్చటి మడతల మధ్య అక్కడక్కడా నీలం చుక్కలు, ఒక్కొక్కటీ ఒక చిన్న సరస్సు.

"ఇదిగో, మనది ఈ చుక్క," అన్నాడు రంగనాథ్, పెరుగన్నం చేతిని తెరకి తగలకుండా గాల్లో నిలిపి. "క్యాంపు నడిపే ఆయన సొంత సరస్సట. హోలీ మూడు రోజులూ మనకే ఇస్తానన్నాడు. పొద్దున్నే గాలం వేసుకుని కూర్చోవడం, సాయంత్రం వేయించుకు తినడం. ఏవయ్యా హర్షా, లీడరువి నువ్వే."

శ్రీహర్ష నవ్వి మంచినీళ్ళు తాగాడు. రంగనాథ్ అతని ఆఫీసులో పెద్ద మేనేజరు. విజయవాడ మనిషి, ఇరవై ఏళ్ళుగా ఫరీదాబాద్‌లో ఉంటూ రోజూ నోయిడా దాకా వచ్చి పనిచేసి వెళ్తాడు. ఈ ఆదివారం శ్రీహర్షని కొత్త భార్యతో సహా భోజనానికి పిలిచాడు. అదే టీములోని నవదీప్ కూడా వచ్చి, మూడోసారి ఆవకాయ వేసుకుంటున్నాడు.

"ఇంతకీ ఆ కొర్రమీను కథ నేను వినలేదు," అంది రంగనాథ్ భార్య ఉమారాణి. "ఈయన ఇంటికొచ్చి సగం సగం చెప్పారు. నువ్వు చెప్పు బాబూ."

శ్రీహర్ష గ్లాసు కింద పెట్టాడు. పక్కనే అక్షర కూర్చుని ఉంది. పెళ్ళయి డెబ్బై మూడు రోజులు. రోజులు ఇంకా లెక్కపెడుతున్నందుకు ఆఫీసులో అందరూ ఏడిపిస్తారు. ఆకుపచ్చ చీర కట్టుకుని, బుద్ధిగా అప్పడం విరుచుకుంటోంది.

"చిన్నదే ఆంటీ. అంత చెప్పేదేం లేదు."

"అదేంటయ్యా, క్లయింట్ మీటింగులో నేనే చెప్పాను, నీకు చెప్పడానికేం?" అని రంగనాథ్ తనే మొదలుపెట్టేశాడు. "పదకొండేళ్ళ వయసులో వాళ్ళ నాన్నతో కాలవగట్టుకి వెళ్ళాడు. బెండు ఒక్కసారిగా మునిగింది. కొర్రమీను! కర్ర విరిగిపోయింది. వీడు నైలాన్ దారాన్ని వేలికి చుట్టుకుని, బురదలో కూలబడి, వేలు తెగి రక్తం కారుతున్నా వదల్లేదు. వదల్లేదు! టీములో నాకు కావలసింది ఇలాంటి వాళ్ళు. ఏదీ, మీ ఆంటీకి ఆ మచ్చ చూపించు."

శ్రీహర్ష ఎడమచేతి చూపుడువేలు చాపాడు. ఇంటర్‌లో టిఫిన్ డబ్బా మూత తగిలి తెగిన గీత ఒకటుంది దాని మీద. ఉమారాణి కళ్ళజోడు సర్దుకుని చూసి "అయ్యో" అంది. శ్రీహర్ష చూపు మాత్రం పక్కకి పోయింది. అప్పడం విరుస్తున్న అక్షర కుడిచెయ్యి మెల్లగా బల్ల కిందికి దిగి, చీర కుచ్చిళ్ళలోకి వెళ్ళిపోయింది. ఆ చేతి చూపుడువేలి రెండో కణుపు మీద సన్నని తెల్ల గీత ఉందని ఆ గదిలో అతనొక్కడికే తెలుసు. పెళ్ళయిన మూడో రోజున అది ఏమిటని అడిగింది అతనే. కథంతా విని ఆ గీతని ముద్దుపెట్టుకున్నదీ అతనే.

"ఎంత తూగిందో చెప్పలేదు మీరు," అంది అక్షర, ఎంతో అమాయకంగా.

"రెండున్నర కిలోలు," అన్నాడు శ్రీహర్ష.

"బాబోయ్," అంది అక్షర.

*

తిరుగు మెట్రోలో కాల్కాజీ మందిర్ దగ్గర రైలు మారారు. కూర్చున్నాక అక్షర మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాడు శ్రీహర్ష. తర్వాత చూస్తే భుజాలు కదిలేలా నవ్వుతోంది.

"టిఫిన్ డబ్బా మూతా?" అంది.

"అరె, కావాలని చెప్పలే అక్షరా. లంచ్ దగ్గర అందరు కొత్త పెళ్ళాం సంగతులు అడిగిన్రు. నీ గురించి చెప్దామనే మొదలువెట్టిన. 'చిన్నప్పుడు ఒకసారి కాలవగట్టు మీద' అనంగనే సార్ 'నువ్వా?' అన్నడు, కండ్లు ఇంతింత చేసి. ఆయన నా దిక్కు గట్ల చూసుడు అదే ఫస్టు. అవునన్న. గంతే."

"అంతేనా?"

"గంతే. ఇగ ఆ కథ నా చేతుల్ల లేదు. క్లయింట్ దాకా పోయింది." ఆమె వైపు తిరిగాడు. "నీకు కోపం రాలేదా?"

"రాలేదు," అంది అక్షర. ఎందుకో అటు తిరిగింది. ఎవరిమీదైనా కోపం వస్తే దాచుకునే మనిషి కాదు ఆమె. మొన్న గీజర్ బాగుచేయడానికి వచ్చినవాడిని రెండు భాషల్లో దులిపింది. అలాంటిది కోపం రాలేదంటే అది తన అదృష్టమే అనుకున్నాడు శ్రీహర్ష.

రైలు యమున మీదికి వచ్చింది. అతని ఫోన్ మోగింది. రంగనాథ్ ప్రయాణ ప్రణాళిక పంపాడు. 'ఆపరేషన్ కొర్రమీను' అని పేరు పెట్టిన పట్టిక. రెండే గళ్ళు, చెరువు, వంట. చెరువు కింద రంగనాథ్, శ్రీహర్ష, నవదీప్. ముగ్గురికీ మూడు గాలాలు. వంట కింద ఉమారాణి, బియ్యం, కూరలు. ఆ కింద 'మిసెస్ హర్ష: మసాలా, నిమ్మకాయలు, నూనె.'

అక్షర అతని భుజం మీదుగా చదివింది. రెండుసార్లు చదివిందని ఆమె శ్వాసని బట్టి తెలిసింది. ఇప్పుడు నవ్వడం లేదు.

"నాకు గాలం లేదన్నమాట," అంది.

ఇది కోపం కాదు. అంతకంటే చిన్న గొంతుతో వచ్చిన మాట. కిటికీలోంచి కిందికి, నురగలు తేలుతున్న నీళ్ళకేసి, స్టేషను వచ్చేదాకా చూస్తూనే ఉంది. కాలవల మధ్య పెరిగిన ఆకివీడు పిల్ల. నీళ్ళు ఎలా ఉన్నా చూడకుండా ఉండలేదు.

"రేపు సార్‌కి చెప్పేస్త," అన్నాడు శ్రీహర్ష.

"ముందు గాలం పట్టుకోవడం నేర్చుకో. లేకపోతే నువ్వు చెప్పక్కర్లేదు, చేపలే చెప్తాయి."

*

సోమవారం అతను చెప్పలేదు. ఆ రోజు రంగనాథ్ అతన్ని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. కొత్త టీముకి లీడ్‌గా ఇద్దరి పేర్లు పరిశీలనలో ఉన్నాయనీ, తన మొగ్గు ఎటో వేరే చెప్పక్కర్లేదనీ అన్నాడు. "నేను పంపే నోట్‌లో నీ కొర్రమీను కూడా ఉంటుందయ్యా," అని నవ్వాడు. శ్రీహర్ష థాంక్యూ సార్ అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి హాలు మధ్య కింద చాప పరిచి ఉంది. చాప మీద ఒక గాలపు కర్ర, నైలాన్ దారపు ఉండ, గాలాల పెట్టె, పటకారు. అక్షర బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కొక్క గాలాన్నీ దీపం కింద తిప్పి చూస్తోంది.

"క్యాంపు ఆయనకి ఫోన్ చేశాను," అంది. "మీవాళ్ళెవరూ చేసినట్టు లేదు. ఆ సరస్సులో పట్టిన చేపని ఫొటో తీసుకుని మళ్ళీ వదిలేయాలట. వండటం లేదు, తినడం లేదు. గాలానికి ముల్లు ఉండకూడదట."

"ముల్లు అంటే?"

ఆమె గాలాన్ని అతని అరచేతిలో పెట్టింది. కొన దగ్గర వెనక్కి తిరిగి ఉన్న చిన్న చీలిక చూపించింది. "నోట్లో గుచ్చుకున్నాక ఊడి రాకుండా పట్టుకునేది ఇదే. దీన్ని ఇలా నొక్కేయాలి." పటకారుతో ఒక్కసారి నొక్కింది. టక్ మంది. చీలిక కొనకి అతుక్కుపోయింది. "ఇప్పుడు చేపని పట్టి ఉంచేది దారం బిగువు ఒక్కటే. ఒక్క క్షణం వదులైందా, జారిపోతుంది."

పద్దెనిమిది గాలాలు. ఆమె నొక్కుతుంటే అతను వేలితో తడిమి నున్నగా ఉన్నాయో లేదో చెప్పాడు. మధ్యలో రంగనాథ్‌కి ఫోన్ చేసి క్యాంపు నియమం చెప్పాడు. "అయ్యో, వేపుడు లేదా!" అని ఆయన కొంచెం బాధపడి, తర్వాత తేరుకున్నాడు. పది నిమిషాల్లో పట్టిక మారింది. 'మిసెస్ హర్ష: పకోడీలు.'

శ్రీహర్ష ఆ ఫోన్‌ని బోర్లించి పెట్టాడు. అక్షర ఇంకో గాలం అందుకుంది.

మంగళవారం ముడి. దారాన్ని గాలం కంట్లోంచి దూర్చి, దాని చుట్టూ దాన్నే ఐదుసార్లు తిప్పి, కొనని మొదటి కన్నంలోంచి వెనక్కి తేవాలి. బిగించే ముందు నోట్లో పెట్టి తడపాలి. "పొడిగా లాగితే దారం వేడెక్కి లోపల చచ్చిపోద్ది. బయటికి కనపడదు, చేప లాగినప్పుడు తెలుస్తుంది," అంది. అతని ముడులు మొదటి పదీ విడిపోయాయి. పదకొండోది గాలాన్ని వదిలేసి అతని వేలికి పడింది. అక్షర నవ్వి నవ్వి చాప మీద పడుకుంది. వెల్లకిలా పడుకునే చెయ్యి చాపి ఆ ముడి విప్పింది. ఆమె వేళ్ళకి అల్లం వాసన. ప్రపంచంలో పదకొండో అంతస్తులో అల్లం వాసన మధ్య ముడులు నేర్చుకునే అదృష్టం ఎంతమందికి ఉంటుందని అతనికి అనిపించింది.

బుధవారం ఎర. సొసైటీ తోట వెనక ఆకుల ఎరువు గుంట దగ్గరికి వెళ్ళి, మాలీ సదాశివ్ కాకాను వానపాములు అడిగింది అక్షర. "కేచువే? కిస్ లియే, బేటీ?" అని ఆ ముసలాయన కంగారుపడ్డాడు. చేపలకని చెప్పగానే ఆయన గడ్డపార తీసుకుని తనే తవ్వాడు. గోధుమపిండిలో సోంపు వేసి ఎలా కలపాలో, తన ఊళ్ళో గండక్ నదిలో ఏ చేప దేనికి వస్తుందో అరగంట చెప్పాడు. అక్షర గుంట పక్కనే గొంతుకూర్చుని, వచ్చీరాని హిందీలో ఎదురు ప్రశ్నలు వేసింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే డబ్బా పట్టుకుని నిలబడ్డ శ్రీహర్షకి ఒక సంగతి తట్టింది. అక్షర ఢిల్లీ వచ్చాక ఇంత సేపు, ఇంత సరదాగా ఎవరితోనూ మాట్లాడలేదు. ఇక్కడ ఆమెని అందరూ మిసెస్ హర్ష అనో, భాభీ అనో పిలుస్తారు. ఆమెతో చేపల గురించి మాట్లాడింది ఈ ముసలాయన ఒక్కడే.

గురు, శుక్రవారాలు విసరడం. గాలం బదులు రబ్బరు ముక్క కట్టి, పార్కులో గడ్డి మీదికి. "చెయ్యి కాదు, మణికట్టు. ఈగని తోలినట్టు." మొదట రబ్బరు వెనక బెంచీ మీదికి పోయింది, తర్వాత బోగన్‌విలియా మీదికి. శుక్రవారం సాయంత్రానికి ఆమె చెప్పిన చోట, ఆమె విప్పి పెట్టిన చెప్పు పక్కన పడింది. అక్షర గంతులు వేసింది.

"ఒకటి చెప్పు," అన్నాడు ఆ సంతోషంలో. "ఆ రోజు కొర్రమీనును చివరకు బయటికెట్ల లాగినవ్? బరువు ఎక్కువుంటది కదా. గట్టు కూడ ఎత్తుంటది."

"దారం చుట్టు, చిక్కుపడుతోంది," అంది అక్షర, చెప్పు తొడుక్కుంటూ.

*

ఆదివారం పదకొండు గంటలకి రంగనాథ్ దంపతులూ నవదీప్ నోయిడా వచ్చారు. రంగనాథ్ చంకలో మూడు కొత్త గాలపు కర్రలు, విప్పని పెట్టెలతో సహా. వచ్చే శుక్రవారమే ప్రయాణం. "ఈ రోజు రిహార్సల్," అన్నాడు చెప్పులు విప్పుతూనే. "ముడి దగ్గర నుంచీ నేర్పాలయ్యా నువ్వు మాకు."

హాల్లో అదే చాప. శ్రీహర్ష కూర్చున్నాడు. ఎదురుగా ముగ్గురూ కూర్చున్నారు. వంటింట్లో నూనె కాగుతున్న చప్పుడు.

దారం కంట్లోంచి దూర్చాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. కొన వెనక్కి తెచ్చాడు. నోట్లో పెట్టి తడిపాడు. మెల్లగా లాగాడు. చుట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి ఒదిగి, గాలం కన్ను మీద చిన్న గింజలా కూర్చున్నాయి. రంగనాథ్ రెండు చేతులతో పట్టి లాగాడు. రాలేదు. నవదీప్ లాగాడు. "వాహ్ ఉస్తాద్! అస్లీ ఆంధ్రా మాల్," అన్నాడు.

"చూశావా ఉమా," అన్నాడు రంగనాథ్, సొంత కొడుకు గెలిచినట్టు. "చేతిలో ఉండాలి విద్య. చిన్నప్పుడు పట్టింది ఎక్కడికి పోతుంది? రేపే పంపుతున్నానయ్యా ఆ నోట్."

అప్పుడు శ్రీహర్ష తలెత్తి చూశాడు. వంటింటి గుమ్మంలో అక్షర పకోడీల పళ్ళెంతో నిలబడి ఉంది. ఆమె చూస్తున్నది అతన్ని కాదు, ముడిని. మొహం నిండా వెలుగు. పదిసార్లు విడిపోయిన ముడి ఇప్పుడు ఇద్దరు లాగినా రావడం లేదు మరి. తర్వాత ఆ వెలుగు, ఎవరూ ఏమీ అనకుండానే, కొంచెం తగ్గింది. పళ్ళెం తెచ్చి చాప అంచున పెట్టి, తీసుకోండి అంకుల్ అని, గుమ్మం దగ్గరికే తిరిగి వెళ్ళి నిలబడింది. చాప మీద చోటుంది. ఆమె కూర్చోలేదు.

ఇక భయమేమీ లేదు. ముడి వచ్చు, ఎర వచ్చు, విసరడం వచ్చు. సరస్సు దగ్గర ఎవరూ పట్టుకోలేరు. ఈ వారంతో ఆ కథ పూర్తిగా అతనిదైపోయింది, ఆమే నేర్పి మరీ ఇచ్చేసింది. ఆ మాట తట్టగానే శ్రీహర్ష నోట్లో నైలాన్ రుచి చేదుగా తగిలింది.

"సార్," అన్నాడు. "ఆ కొర్రమీను నాది కాదు."

"ఏంటయ్యా?"

"కాలవ నాది కాదు. వేలు నాది కాదు. నేను పుట్టింది హైదరాబాద్‌ల, అంబర్‌పేట్‌ల. పోయిన సోమవారం దాకా గాలం ముట్టుకోలేదు. అదంతా అక్షరది. ఈ ముడి కూడ తనే నేర్పింది."

రంగనాథ్ చేతిలో గాలం అలాగే ఉంది.

"మరి మచ్చ?"

"టిఫిన్ డబ్బా మూత సార్."

ముందు ఉమారాణి నవ్వింది. ఆపుకోబోయి, ఆపుకోలేక, పకోడీ పొలమారింది. నవదీప్‌కి తెలుగు రాదు, ఎవరు ఎందుకు నవ్వుతున్నారో అడిగి తెలుసుకుని, "మత్లబ్ భాభీజీ నే పక్డీ థీ?" అంటే పట్టింది భాభీయేనా అని ఆశ్చర్యపోయి, గుమ్మం వైపు తిరిగి నమస్కారం పెట్టాడు. రంగనాథ్ మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

"నేను క్లయింటుకి చెప్పానయ్యా," అన్నాడు.

"తెలుసు సార్. సారీ."

"ముప్ఫై మంది ముందు చెప్పాను."

శ్రీహర్ష తల వంచుకున్నాడు.

"నోట్ మళ్ళీ రాయాలి," అన్నాడు రంగనాథ్. ఏమని రాస్తాడో చెప్పలేదు. చాలాసేపు ముడి వైపు చూసి, గుమ్మం వైపు తిరిగాడు. "అమ్మా, ఇలా వచ్చి కూర్చో. ఎవరు నేర్పారు నీకు?"

"మా నాన్న అంకుల్," అంది అక్షర. ఆమె కళ్ళు మాత్రం శ్రీహర్ష మీదే ఉన్నాయి.

"నిలబెట్టి అడుగుతారేంటి, ముందు ఆ కర్ర ఆ పిల్ల చేతికివ్వండి," అంది ఉమారాణి. "ఇంకోటి నాకు. ఇరవై ఏళ్ళుగా మీ ప్రయాణాల్లో పులిహోర కలుపుతూనే ఉన్నాను. ఈసారి మీరు కలపండి."

అక్షర వచ్చి చాప మీద కూర్చుంది. కర్రని రెండు చేతుల్లోకి తీసుకుని బరువు చూసింది. కొనని మెల్లగా ఊపింది. ఆ కదలికలోనే రంగనాథ్‌కి అంతా అర్థమైనట్టుంది, ఇంకేమీ అడగలేదు. "అంకుల్, పట్టు కొంచెం వెనక్కి," అని ఆమె ఆయన బొటనవేలిని జరిపితే, బుద్ధిమంతుడైన విద్యార్థిలా జరపనిచ్చాడు.

*

వాళ్ళని కారు ఎక్కించడానికి ఇద్దరూ కిందికి దిగారు. రంగనాథ్ అద్దం దించి, "రేపు పదింటికి నా గదికి రా," అని మాత్రం శ్రీహర్షతో అన్నాడు. అక్షరతో, "శుక్రవారం తెల్లారుజామున ఐదింటికల్లా సిద్ధంగా ఉండమ్మా, లీడరువి," అన్నాడు. కారు గేటు దాటింది.

"నువ్వు మొన్న చెప్పిన ఆ లీడ్ పోయినట్టేనా?" అంది అక్షర.

"ఏమో. పోతే పోనీ." నిజంగానే తేలిగ్గా ఉంది అతనికి, తలస్నానం చేసి వచ్చినట్టు. "ఇంకా ముందే చెప్పాల్సింది నేను. నువ్వు కోప్పడకుంట నేర్పుతుంటే ఇంక సిగ్గయింది."

అక్షర పార్కింగ్ అరుగు మీద కూర్చుంది. కుడిచేతి చూపుడువేలిని ఎడమచేత్తో పట్టుకుని, చిన్నపిల్లలా అటూ ఇటూ తిప్పింది.

"హర్షా, నీకొకటి చెప్పాలి."

"చెప్పు."

"వదిలేశాను."

"ఏంటిది?"

"దారం. వేలు తెగగానే కెవ్వుమని అరిచి వదిలేశాను. కొర్రమీను దారంతో సహా పోయింది. నేను బురదలో కూర్చుని గుక్కపెట్టి ఏడుస్తుంటే నాన్న భుజాన ఎక్కించుకుని బజారుకి తీసుకెళ్ళారు. అక్కడ ఒక కొర్రమీను కొన్నారు. ఇంటికెళ్ళి అమ్మతో, చూడు నీ కూతురు ఏం పట్టిందో అన్నారు. నేను కాదనలేదు. అప్పటినుంచీ అందరికీ అదే చెప్తున్నాను. నువ్వు వేలికి ముద్దు పెడితే, ఇంక అప్పుడెలా చెప్పను?"

శ్రీహర్ష ఆమె పక్కన కూలబడ్డాడు. నవ్వు ఎక్కడో కడుపులో మొదలై పైకి వచ్చింది. గేటు దగ్గరి గార్డు తొంగిచూసేంత గట్టిగా వచ్చింది. "మరి రెండున్నర కిలోలు?"

"అది నిజమే. తూకం వేసే కదా అమ్ముతారు."

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. ముందు తేరుకున్నది శ్రీహర్షే.

"అరె, ఇప్పుడెట్ల? నువ్వు పట్టినవని అందరికీ చెప్పిన కదా నేను. సార్‌కి, ఆంటీకి, నవదీప్‌కి."

అక్షర లేచి చీర దులుపుకుంది. అతనికి చెయ్యి అందించింది.

"పద పైకి," అంది. "నాలుగు రోజులే ఉన్నాయి. ఇప్పుడిక నిజంగా పట్టాలి."